తలుపు తీసినవాళ్లు: నైజాం సరిహద్దు ఊళ్లలో ఆశ్రయం

  వెనక బెంచీల్లో ఉన్న కాలేజీ పిల్లలు కాస్త ముందుకు వచ్చి కూర్చోండి. ఈరోజు నేను చెప్పబోయేదాంట్లో చివరి భాగం మీతో పనిపడే భాగం.

ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆమె పేరు ఆహ్వానపత్రం మీద లేదు. రేపు అచ్చయ్యే పుస్తకం మీదా ఉండదు. "నా పేరు వెయ్యొద్దు. అన్నం పెట్టింది నేనొక్కదాన్నేనా?" అని పిల్లల దగ్గర మాట తీసుకుని మరీ వెళ్లారు. ఊరంతా ఆమెను అమ్మమ్మ అనే పిలిచింది, నేనూ అలాగే అంటాను. ఈ తిరువూరు తాలూకాలో కొద్దిపాటి మెట్ట చేను ఉన్న రైతు ఇంటి కోడలు. 1947లో ఆమెకు 18 ఏళ్లు. బడికి వెళ్లలేదు, పెద్దయ్యాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నారు. 1990లలో సరిహద్దు ఊళ్లలో పెద్దవాళ్లను కలుస్తూ తిరిగిన రోజుల్లో ఆమె ఇంటి అరుగు మీద ఎన్నో మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఆమె చెప్పిందంతా వంట గురించి, నీళ్ల గురించి, బట్టల గురించి, కుక్కల గురించి. నా వాదన మొత్తం ఆ మాటల మీదే కట్టాను.

వాదన ఇది. 1946 నుంచి 1951 దాకా ఈ సరిహద్దుకు అటూ ఇటూ మూడు బలగాలు మూడు రకాల మనుషులను తరిమాయి. మొదట నిజాం పోలీసులు, రజాకార్లు పల్లె జనాన్ని తరిమారు. 1948 సెప్టెంబరు తరవాత, ఏ పాపమూ ఎరగని ముస్లిం కుటుంబాలు ప్రతీకారానికి గురయ్యాయి. ఇటువైపు మద్రాసు ప్రభుత్వ పోలీసులు, అటువైపు సైన్యం కమ్యూనిస్టుల కోసం, వాళ్లకు ముద్ద పెట్టినవాళ్ల కోసం ఇళ్లు సోదా చేశారు. ఈ మూడు రకాల వాళ్లకూ తలుపు తీసిన ఇళ్లున్నాయి. మన పుస్తకాలు ఈ కథలను పార్టీలవారీగా, మతాలవారీగా పంచేసుకున్నాయి. నాకు మాత్రం ఇది ఒకే చరిత్ర. గుమ్మంలో నిలబడ్డవాడు ఎవడని విచారించకుండా, వాణ్ని ఏం తరుముతోందో చూసి లోపలికి రమ్మన్న మామూలు మనుషుల చరిత్ర.

1

ముందు భూమి చూడాలి. ఇప్పుడు మనం కూర్చున్న తిరువూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా. కొద్ది మైళ్లు పోతే నిజాం రాజ్యం, వరంగల్ జిల్లా మధిర తాలూకా. ఖమ్మం జిల్లా అప్పటికింకా పుట్టలేదు, అది 1953లో ఏర్పడింది. గోడా లేదు, కంచే లేదు. వాగులు, చేలగట్లు, తాటితోపులు, అక్కడక్కడా నిజాం సుంకాలు వసూలు చేసే కరోడ్‌గిరి నాకాలు, అంతే.

పైగా ఆ సరిహద్దు ఒక గీత కాదు. నందిగామ పక్కన పరిటాల, దాని చుట్టుపట్ల కొన్ని పల్లెలు నాలుగు దిక్కులా కృష్ణా జిల్లా ఉన్నా నిజాం సొత్తు. ఒకప్పటి వజ్రాల గనుల మీది ఆశతో ఆయన వాటిని వదులుకోలేదు. అటు నల్లగొండ జిల్లా మధ్యలో మునగాల పరగణా కృష్ణా జిల్లా కింద, నందిగామ తాలూకాలో ఉండేది. నిజాం రాజ్యంలో మాట్లాడితే జైలుకు పంపే మాటలను మునగాలలో మాట్లాడవచ్చు. 1947లో పరిటాల జనం నిజాం అధికారాన్ని కాదని తమ ఊళ్లను గణతంత్రంగా ప్రకటించుకుని, మాదపాటి రామచంద్రరావును అధ్యక్షుడిగా పెట్టుకున్నారు. 

పటం మీది గీతలకంటే గట్టివి మనుషుల మధ్య ఉండేవి. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు అటూ ఇటూ సాగేవి. సంతకు ఎడ్లు అటు నుంచి ఇటు వచ్చేవి. కోతలకు కూలీలు వచ్చేవాళ్లు. పరుపుల్లో దూది ఏకడానికి దూదేకులవాళ్లు ఏటా ఫలానా నెలలో ఫలానా ఇంటికి వచ్చేవాళ్లు. డబ్బు మాత్రం వేరు. అటు హాలీ సిక్కా, ఇటు కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. ఈ లెక్క గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పనుంది.

2

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన దగ్గర్నుంచి నల్లగొండ, వరంగల్ జిల్లాల పల్లెల్లో సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, పెట్టినవాళ్లమీద దెబ్బ మొదలైంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక నిజాం కలవనన్నాడు. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరింది గానీ, కాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడటం ఆగలేదు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న ఒక్క రోజున 80 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇళ్లు తగలబడ్డ ఊళ్ల నుంచి జనం మూటాముల్లె కట్టుకుని ఇంగ్లీషు ఇలాకాకు, అంటే ఇటువైపు, వచ్చారు. పత్రికలు వాళ్లను కాందిశీకులన్నాయి. జగ్గయ్యపేట, విజయవాడ నిండాయి. కాంగ్రెస్‌వాళ్లు, కమ్యూనిస్టులు ఎవరి శిబిరాలు వాళ్లు పెట్టుకుని పనిచేశారు. పక్కనే ఉన్న ఎర్రుపాలెంలో పుట్టిన సర్దార్ జమలాపురం కేశవరావు లాంటి నాయకుల గురించి మీకు తెలుసు. వాళ్ల గురించి పుస్తకాలున్నాయి. శిబిరంలో చోటు దొరకనివాళ్లు, శిబిరం దాకా నడవలేనివాళ్లు, బాలింతలు, ముసలివాళ్లు ఎక్కడ పడుకున్నారన్నది నా ప్రశ్న.

ఇక్కడ కొంచెం దూరం వెళ్లి రావాలి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం ఆక్రమించిన దేశాల్లో యూదులను దాచిన మామూలు మనుషుల గురించి చాలా పరిశోధన జరిగింది. శామ్యూల్ ఒలినర్, పెర్ల్ ఒలినర్ అనే దంపతులు అలా దాచినవాళ్లను వందల మందిని కలిసి, 1988లో ఒక పుస్తకం వేశారు. శామ్యూల్ కూడా బాల్యంలో ఒక పోలిష్ రైతు స్త్రీ సాయంతో బతికి బయటపడ్డవాడే. ఆ పుస్తకంలో నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. తమంతట తాము వెతుక్కుంటూ వెళ్లి సాయం చేసినవాళ్లకంటే, ఎవరో వచ్చి అడిగితే సరేనన్నవాళ్లే ఎక్కువ. అడగడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి వీళ్ల గుమ్మం తెలిసి ఉండాలి.

మన సరిహద్దులో అడిగే మనిషి ఉన్నాడు. ఎడ్లు అమ్మినవాడు, వియ్యంకుడి అన్న, కోతలకొచ్చిన కూలి, తెలిసిన దుకాణదారు. మనకు వేరే ఊరి మనిషి బాధ పత్రికలో చదివితే జాలి కలుగుతుంది. ఆ బాధ మన దూడను కొనుక్కెళ్లినవాడి మొహంలో కనబడితే చాప పరుస్తాం. ధైర్యం ఆ తరవాత, అవసరాన్ని బట్టి పుట్టుకొస్తుంది. అందుకే ఆశ్రయానికి మూలం పరిచయం అంటాను. తెలియనివాళ్లను కూడా పరిచయం చేసిన వాళ్లున్నారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకాన్ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో ప్రాణం పోయిన బందగీ అనే పేద ముస్లిం రైతు కథ దాని వెనక ఉంది. నైజాంలో ఏం జరుగుతోందో కోస్తా రైతు ఇంటికి చేర్చిన దారుల్లో అదొకటి. ఆ నాటకం చూసిన మనిషి గుమ్మంలోకి నైజాం రైతు వస్తే వాడు కొత్తవాడిలా కనిపించడు.

3

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. ఇక్కడ నన్ను కాస్త నిదానించనివ్వండి.

మనిషిని దాచడమంటే అటకెక్కించి నిచ్చెన తీసెయ్యడం అనుకుంటాం. అమ్మమ్మ లెక్కలో అది పనిలో పదో వంతు కూడా కాదు. "దాయాల్సింది మనిషిని కాదయ్యా, మనిషి తిన్న తిండిని" అన్నారామె. ఇంట్లో ఉన్నవాళ్లకంటే ఎక్కువమందికి ఎసరు పెడితే పొయ్యి ఎక్కువసేపు మండుతుంది, పొగ ఎక్కువసేపు లేస్తుంది. అందుకని ఎప్పుడూ పెట్టే వేళకే పొయ్యి వెలిగించి, ఒకదాని మీద ఒకటి రెండుసార్లు వండేవారు. బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్లో ఎక్కువైతే పక్కింటావిడ అడుగుతుంది. అందుకని సగం కడుగు పాదుల్లో పోసేవారు. తిన్న విస్తళ్లు పెంట మీద పారేస్తే పొద్దున్నే కుక్కలు, కాకులు ఊరందరికీ చెప్పేస్తాయి. వాటిని పేడకుప్పలో కూరి పైన పేడ కప్పేవారు. బావికి రెండు బిందెలతో వెళ్లే కోడలు నాలుగుసార్లు వెళ్తే అనుమానం వస్తుంది. అత్తగారు ఒక విడత, కోడలు ఒక విడత, ఆడబిడ్డ ఒక విడత పంచుకున్నారు. తడి పంచెలు దండెం మీద వేస్తే ఇంట్లో మగవాళ్లకంటే పంచెలెక్కువ కనిపిస్తాయి. ధాన్యం గాదె వెనక, గాలాడని చోట ఆరేసేవారు. ముక్కవాసన వస్తున్నా వాటినే కట్టుకున్నారట వచ్చినవాళ్లు.

డబ్బు సంగతి. వచ్చిన కుటుంబం మొలలో దాచుకున్న హాలీ రూపాయి తీసి, బిడ్డకు పాలకో మందుకో ఇమ్మంటుంది. ఆ రూపాయి ఈ ఊరి దుకాణంలో పెట్టడమంటే, మా ఇంట్లో నైజాం మనుషులున్నారని దండోరా వేసినట్టే. తెలిసిన కోమటి ఒకాయన ఆ హాలీలు తీసుకుని, ఏడింటికి ఆరు లెక్కన కల్దారు ఇచ్చి, ఎవరికీ చెప్పకుండా పెట్టెలో పెట్టుకున్నాడు. వట్టం అడగలేదు. అది వ్యాపారమో ఉపకారమో అమ్మమ్మ తేల్చలేదు. రెండూ అనుకుంటాను.

ఇంకొక సంగతి ఉంది. ఊళ్లో ఎవరింట్లో ఎన్ని బట్టలున్నాయో ఇంటివాళ్లకంటే బాగా చాకలికి తెలుసు. మూటలో కొత్త రవిక కనిపించిందంటే ఇంట్లో కొత్త మనిషి దిగినట్టే. గడ్డం గీయడానికి మంగలిని రాత్రిపూట పిలిచారంటే ఆయనకూ తెలుసు. పిల్లను కన్న కాందిశీకురాలికి పురుడు పోసిన మంత్రసానికీ తెలుసు. పాలేరుకు తెలుసు. కాబట్టి ఏ ఒక్క ఇల్లూ ఒంటరిగా ఎవర్నీ దాచలేదు. తెలిసి చెప్పకుండా ఊరుకున్నవాళ్లు ప్రతి ఇంటి వెనకా ఐదారుగురు ఉన్నారు. వాళ్లలో చాలామంది ఆ ఇంటి అరుగు ఎక్కే హక్కు కూడా లేని కులాలవాళ్లు. ఇల్లు ఇచ్చినవాడికి కనీసం ఇంటి పేరన్నా మిగిలింది. నోరు మూసుకుని కాపాడినవాళ్లకు అదీ మిగల్లేదు. ఆశ్రయం చరిత్ర రాసేటప్పుడు ఎవరిల్లు అన్న ప్రశ్నతో ఆగిపోతే, మళ్లీ భూమి ఉన్నవాడి చరిత్రే రాస్తాం.

ఈ పనంతా ఎవరు చేశారో గమనించారా? పొయ్యి, కుడితి, విస్తళ్లు, బిందెలు, తడిబట్టలు. మగవాడు తలుపు తీశాడు, ఆ తరవాత నెలల తరబడి ఆ తలుపు వెనక పనంతా ఆడవాళ్లు మోశారు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా తెలంగాణ పోరాటం గురించి ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగినవాళ్లు తక్కువ.

4

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలోకి ప్రవేశించింది. ఒక దళం విజయవాడ వైపు నుంచే వెళ్లింది. 17న నిజాం లొంగిపోయాడు. కాందిశీకులు ఇళ్లకు తిరుగుముఖం పట్టారు. మన పుస్తకాల్లో చాలావాటిలో కథ ఇక్కడ సుఖాంతమవుతుంది.

కానీ అప్పుడే ఇంకో తరుముడు మొదలైంది. నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఆ నవంబరు, డిసెంబరు నెలల్లో హైదరాబాదు రాష్ట్రంలో తిరిగి నివేదిక ఇచ్చారు. పోలీసు చర్య అని పిలిచిన ఆ సైనిక చర్యలోను, ఆ తరవాత 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఘోరం ఎక్కువ. చచ్చినవాళ్లలో అత్యధికులు ముస్లింలు, వాళ్లలో ఎక్కువమంది రజాకార్లతో ఏ సంబంధమూ లేని బీదలు. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు.

అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన హిందువులను కూడా ఆ ముగ్గురూ నమోదు చేశారు. ఒకే వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య ఇది ఎక్కువగా కనిపించిందని, హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లకు అడ్డుపడి తమ ప్రాణాలు కూడా పోగొట్టుకున్న సందర్భాలున్నాయని రాశారు. తెలుగు జిల్లాల్లో సంఘం బలంగా ఉన్న ఊళ్లలో సామాన్య ముస్లింలను జనం కాపాడుకున్నారని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య తన పోరాట చరిత్రలో రాశారు. పక్కపక్క మగ్గాల మీద కూర్చున్నవాళ్లకు ఒకరి దారం ఒకరికి తెలుసు. పరిచయం గురించి నేనన్న మాటకు ఇంతకంటే బలమైన రుజువు నాకు దొరకలేదు.

ఆ అక్టోబరులో అమ్మమ్మ ఇంటికి ఏటా దూది ఏకడానికి వచ్చే దూదేకుల సాయిబు పెళ్లాం బిడ్డలతో రాత్రిపూట వచ్చాడు. ఏకే విల్లు లేదు చేతిలో. నిన్నమొన్నటి దాకా రజాకార్ల నుంచి పారిపోయి వచ్చినవాళ్లు పడుకున్న పశువుల కొట్టంలోనే వాళ్లకూ చోటిచ్చారు. పక్కింటావిడ వచ్చి అత్తగారితో, "వదినా, నిన్నటిదాకా మనవాళ్లను తరిమింది వీళ్లవాళ్లు కాదా?" అంది. అత్తగారు చేటలో బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తకుండా, "ఈ చంటోడు ఎవర్ని తరిమాడే?" అంది. పక్కింటావిడ కాసేపు అక్కడే నిలబడింది. తరవాత వాళ్ల ఇంటి నుంచి మజ్జిగ పట్టుకొచ్చింది.

అందరు పక్కింటివాళ్లూ మజ్జిగ తేలేదు. చోటు అడిగితే ఇవ్వని ఇళ్లు, పట్టిచ్చిన ఇళ్లు కూడా ఉన్నాయి. అవి లేవన్నట్టు మాట్లాడితే తలుపు తీసినవాళ్ల విలువ తగ్గుతుంది.

5

మూడో తరుముడు మన సొంత ప్రభుత్వానిది. ఈ భాగం చెప్పేటప్పుడు సభల్లో కొంత ఇబ్బంది పుడుతుంది, అయినా చెప్పాలి. 1948 మొదట్లోనే మద్రాసు ప్రభుత్వం కృష్ణా జిల్లా కమ్యూనిస్టుల మీద విరుచుకుపడింది. మలబారు స్పెషల్ పోలీసులు ఊళ్లలో మకాం వేశారు. 1949 జులైలో కృష్ణా జిల్లాలోని కాటూరు, ఎలమర్రు గ్రామాలను చుట్టుముట్టి మగవాళ్లను వివస్త్రులను చేసి నడిపించారు. ఆ పార్టీ పంథా తప్పా ఒప్పా అన్న చర్చ వేరే సభలో చేసుకుందాం. అన్నం పెట్టారన్న అనుమానం మీద ఒక ఊరి మగవాళ్లను అలా నడిపించడం గురించి మాత్రం రెండో అభిప్రాయం ఉండకూడదు.

పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఆ రోజుల్లో పిల్లలను విడిచి ఏళ్ల తరబడి అజ్ఞాతంలో గడిపారు. డెన్ అని పిలిచే రహస్య స్థావరాల్లో ఇల్లాలిగా కనిపిస్తూ ఇల్లు నడపడమే ఆమెలాంటివాళ్ల పని. ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' చదవనివాళ్లు చదవండి. నూరేళ్లు నిండాక 2018 సెప్టెంబరులో వెళ్లిపోయారామె.

చట్టం ఏమంటుందో పిల్లలు తెలుసుకోవాలి. నేరస్తుణ్ని దాచడం భారత శిక్షా స్మృతి 212వ సెక్షన్ కింద నేరం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 249వ సెక్షన్. దానికి ఒక్కటే మినహాయింపు: భర్తను భార్య దాచినా, భార్యను భర్త దాచినా నేరం కాదు. కొడుకును దాచిన తల్లికి ఆ మినహాయింపు లేదు. హంతకుడికి చోటివ్వకూడదన్న నియమం అవసరమే, దాన్ని నేను కాదనను. కానీ పాలకుడు ఎవర్ని నేరస్తుడంటే వాళ్లు నేరస్తులయ్యే రోజులు వస్తాయి. జర్మన్లు ఆక్రమించిన పోలండ్‌లో 1941 నుంచి యూదుడికి చోటిస్తే మరణశిక్ష. డెన్మార్క్‌లో 1943 అక్టోబరులో 7,000 మందికి పైగా యూదులను చేపల పడవల్లో స్వీడన్‌కు దాటించినవాళ్లందరూ ఆనాటి ఆక్రమణదారు లెక్కలో నేరస్తులే.

అమ్మమ్మ ఇంట్లో రజాకార్ల నుంచి మనిషిని దాచిన సంగతి తెలిశాక ఊరంతా మెచ్చింది. దూదేకుల కుటుంబాన్ని దాచినప్పుడు ఊరు గొణిగింది. ఒక కమ్యూనిస్టు కుర్రాణ్ని దాచినప్పుడు పోలీసులు వచ్చి అమ్మమ్మ మామగారి వేళ్లు లాఠీతో నలగ్గొట్టారు. ఇల్లు అదే, కొట్టం అదే, ఎసరు అదే. ముందు చేసిన రెండు పనులను మంచివని ఒప్పుకుని మూడోదాన్ని కాదనేవాళ్లతో నాకు పేచీ ఉంది. మెచ్చుకోలు ఉన్నప్పుడే తెరుచుకునే తలుపుకు ఒలినర్ల పుస్తకంలో చోటు దొరకదు.

6

ఇక చివరి సంగతి, రుజువు. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చింది. జైలుకు వెళ్లినవాళ్లకు ఆరు నెలల జైలు కాగితం కావాలి. అజ్ఞాతంలో ఉన్నవాళ్లకు వారంటు కాగితమో, తోటివాళ్ల ధ్రువపత్రమో కావాలి. హైదరాబాదు విమోచనం కోసం సరిహద్దు క్యాంపుల్లో పనిచేసినవాళ్లకూ తరవాత చోటు కల్పించారు. అన్నం పెట్టినందుకు ఏ కాగితం పుడుతుంది? విస్తళ్లు పేడకుప్పలో కప్పెట్టిన మనిషి రుజువును తన చేతులతోనే చెరిపేసింది. బాగా దాచినకొద్దీ చరిత్రలో ఆనవాలు తగ్గుతుంది. స్తూపాలు ప్రాణాలిచ్చినవాళ్లకు కట్టాం, కట్టాల్సిందే. బతికించినవాళ్ల పేర్లు మాత్రం ఏ రాయి మీదా లేవు.

1948లో పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు 87 దాటింది. వాళ్లకు ఆ కొట్టాలు గుర్తుంటాయి. "ఇంట్లో కొత్తవాళ్లున్నారని బయట చెప్పకు" అని తల్లి నోరు నొక్కిన పిల్లలు వాళ్లే. కాబట్టి ఈ సభను నడిపే స్మారక నిధి నిర్వాహకులకు నా విన్నపం: వచ్చే ఏడాది వడ్డీ డబ్బును ఉపన్యాసానికి ఖర్చు పెట్టకండి. నాలాంటి వక్త లేకపోతే ఈ ఊరికేమీ నష్టం లేదు. ఆ డబ్బుతో రెండు రికార్డర్లు కొని, ఈ కాలేజీ పిల్లలను జంటలుగా పంపండి. ఒక జంట ఇటు గంపలగూడెం మండలంలో అడుగుతుంది, ఇంకో జంట అటు ఎర్రుపాలెం మండలంలో అడుగుతుంది. "ఎవరింట్లో తలదాచుకున్నారు?" అని అక్కడ, "ఎవరొచ్చారు?" అని ఇక్కడ. రెండు జాబితాలు పక్కపక్కన పెడితే ఊళ్లు కలుస్తాయి, కొన్నిచోట్ల ఇళ్లు కూడా కలుస్తాయి.

పిల్లలూ, వెళ్లినప్పుడు పోరాటం గురించి అడగకండి. వచ్చినవాళ్లకు ఏం వండారని అడగండి, ఎక్కడ పడుకోబెట్టారని అడగండి, బట్టలు ఎవరు ఉతికారని అడగండి. బట్టలు ఉతికినవాళ్ల పేరు చెప్పగానే వాళ్ల ఇంటికీ వెళ్లండి. పేరు అచ్చు వేయవచ్చా అని అడిగి, వద్దంటే వేయకండి. ఈ హాలు బయట బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టించాను. మీ ఇంట్లో 87 దాటిన పెద్దవాళ్లుంటే ఊరు, వీధి, ఏ వేళకు వస్తే మాట్లాడగలరో రాసి వెళ్లండి. మొదటి జంట ఈ ఆదివారమే బయలుదేరుతుంది.